గుంతకల్లు నుంచి కామిక్ కాన్ దాకా

మొన్న ఆఫీసు క్యాంటీన్లో చిన్న వాదన. బెంగుళూరు కామిక్ కాన్ కి టికెట్లు బుక్ చేశానని నోరు జారాను. మా టీములో ఓ కుర్రాడు "అన్నా, ఈ వయసులో మీకెందుకివన్నీ?" అన్నాడు. పక్కనున్నవాడు ఇంకో అడుగు ముందుకేసి "అయినా కామిక్స్ మన కల్చర్ కాదు కదన్నా, అమెరికా వాళ్ళవీ జపాన్ వాళ్ళవీ" అని తేల్చేశాడు. మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు :) రెండోదానికి మాత్రం ఉంది. చెప్పడం మొదలెట్టేసరికి మీటింగ్ టైమైంది, అందరూ లేచి వెళ్ళిపోయారు. మిగిలింది మీరే. కాస్త ఓపిగ్గా వినండి.

నాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల. అది కూడా పడితే పడినట్టు, లేకపోతే లేదు. మా నాయన రైల్వేలో చేసేవారు, అందుకని పెరిగింది గుంతకల్లులో. సెలవులకి మాత్రం ధర్మవరం దగ్గర పల్లెలో ఉన్న అవ్వ ఇంటికి పోయేవాళ్ళం. నా బొమ్మల పిచ్చికి ఈ రెండు ఊళ్ళూ రెండు వేళ్ళు.

ముందు గుంతకల్లు సంగతి. మద్రాసు-బొంబాయి లైనూ, బెంగుళూరు వైపు లైనూ, బళ్ళారి వైపు లైనూ కలిసే జంక్షన్ అది. జంక్షన్ అంటే ఊరికే రైళ్ళు మారే చోటు కాదు, పుస్తకాలు కూడా దిగే చోటు. మా రైల్వే క్వార్టర్సులో ఉత్తరాది కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ళింట్లో హిందీ ఇంద్రజాల్ కామిక్స్ కట్టలు కట్టలుగా ఉండేవి. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964లో మొదలుపెట్టి 1990 దాకా నడిపిన సిరీస్ అది. ఫాంటమ్, మాండ్రేక్, తర్వాత 1976లో ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్.. అందరూ అందులోనే.

ఇంగ్లీషు ఫాంటమ్ కి హిందీలో పెట్టిన పేరు వేతాళ్. నాకు అప్పటికి తెలిసిన బేతాళుడు ఒక్కడే, చెట్టు మీద శవంలో ఉండి విక్రమార్కుడికి కథలు చెప్పేవాడు. ఆయనే హిందీలో బిగుతు బట్టలూ ముసుగూ వేసుకుని గుర్రమెక్కి తిరుగుతున్నాడని చాలా రోజులు నిజంగానే నమ్మాను. హిందీ సరిగా రాదు. బొమ్మ చూసి కథ కట్టుకోవడమే. ఫాంటమ్ ఉండే దేశం అసలు పేరు బంగల్లా అయితే, బెంగాల్ అనుకుంటారనో ఏమో, ఇంద్రజాల్ వాళ్ళు దాన్ని డెంకాలీ చేశారు. ఆ సంగతి నాకు ఇంజనీరింగులో ఉండగా తెలిసింది. అప్పటిదాకా డెంకాలీ కోసం అట్లాసు వెతికినవాణ్ణి నేను.

ఇక అవ్వ ఊరు. మా తాత ఆ పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు. ఊరికి వచ్చే చందమామ ఒకే ఒక్క కాపీ, అది తాతదే. ఆయన నెలనెలా దాచి, ఏడాదికి పన్నెండూ కలిపి దబ్బనంతో కుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేవారు. తాత పోయాక ఆ పెట్టె అవ్వ మంచం కిందికి చేరింది. అవ్వకి చదువు రాదు. కానీ రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని చందమామ తెరిచి బొమ్మలు చూసుకుంటూ నాకు కథ చెప్పేది. నాకు చదవడం వచ్చాక తెలిసింది, అవ్వ చెప్పిన కథల్లో ఒక్కటి కూడా పుస్తకంలో లేదని! మాంత్రికుణ్ణి మామగారు అనుకుంది, రాక్షసుణ్ణి రెడ్డి అనుకుంది. కానీ బొమ్మకి బొమ్మకి మధ్య ఏం జరిగిందో తనే కల్పించి, ఎక్కడా తెగకుండా చెప్పుకుపోయేది. చాలా ఏళ్ళ తర్వాత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వేసిన అండర్‌స్టాండింగ్ కామిక్స్ చదివాను. రెండు బొమ్మల మధ్య ఖాళీలో పాఠకుడు చేసే పనే కామిక్స్ కి ప్రాణం అని ఆయన దాదాపు ఓ చాప్టరంతా రాశాడు. మా అవ్వ గుర్తొచ్చింది.

చందమామ గురించి నాలుగు ముక్కలు, కొత్త తరం కోసం. 1947 జులైలో, అంటే స్వాతంత్ర్యానికి నెల ముందు, నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో మొదలుపెట్టారు. చక్రపాణి గారిది తెనాలి. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు, అంటే మా సీమ మనిషే. (ఇక్కడ కాస్త కాలరెగరేయనివ్వండి.) 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపించారు. బొమ్మలు చిత్రా, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య. భుజాన శవంతో కత్తి పట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మ మనందరికీ తెలుసు కదా, అది శంకర్ గారిది. ఆయన 2020లో కన్నుమూశారు.

"చందమామ కామిక్ కాదు, కథల పుస్తకం" అంటారు కొందరు. మాటల బుడగలు లేవు కాబట్టి నిజమే. కానీ దాదాపు పేజీకో బొమ్మ, ఆ బొమ్మ చుట్టూ కథ. ఒట్టి బొమ్మలతోనే మా అవ్వ దాన్ని మొత్తం చదివేసింది. నాకంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బుడగలున్న కామిక్సే కావాలంటే అవీ మనవాళ్ళు వేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారు డుంబు వేశారు, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రం వేశారు. అమర చిత్ర కథ తెలుగులోకీ వచ్చింది. 1967లో ఢిల్లీలో టీవీ క్విజ్ చూస్తుంటే, గ్రీకు దేవుళ్ళ పేర్లు గడగడా చెప్పిన పిల్లలు రాముడి తల్లి ఎవరంటే నోరు మెదపలేదని, అది చూసే అనంత్ పాయ్ ఆ సిరీస్ మొదలుపెట్టారని చెప్తారు. చిత్రమేంటంటే ఆ సిరీస్ లో మొదటి పది నంబర్లూ విదేశీ కథలే. పదకొండోది కృష్ణుడు.

ఇప్పుడు "మన కల్చర్ కాదు" అన్న కుర్రాడి దగ్గరికి వద్దాం.

మెక్‌క్లౌడ్ తన పుస్తకంలో కామిక్స్ కి ముత్తాతలెవరని వెతుక్కుంటూ పోయి, ఇంగ్లండు మీద నార్మన్ల దండయాత్రని కుట్టిన బాయో గుడ్డని చూపిస్తాడు. 11వ శతాబ్దం నాటిది, 70 మీటర్ల దాకా పొడవు. ఆయన మన లేపాక్షి చూసుంటే ఇంకో పేజీ రాసుండేవాడు. 16వ శతాబ్దం, అచ్యుతరాయల కాలం. వీరభద్రుడి గుడి మంటపాల పైకప్పు నిండా పట్టీలు పట్టీలుగా కథలు. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, దూడని చంపాడని కొడుక్కే శిక్ష వేసిన మనునీతి చోళుడు. మెడ పైకెత్తి ఒక చివర నుంచి నడుచుకుంటూ పోతే కథ కదులుతుంది. చదివేవాడు నడవాలి, అంతే తేడా. (ఆ గుడిలో కల్యాణ మంటపం మాత్రం సగంలోనే ఆగిపోయింది. బడ్జెట్ సమస్య వల్ల రిలీజ్ కాని ప్రాజెక్టులు అప్పటినుంచీ ఉన్నాయన్నమాట.)

లేపాక్షి బొమ్మలు కదలవు. కదిలేవి ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఉన్నాయి. (లేపాక్షి, ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. మాకు మాత్రం ఇంకా అనంతపురమే.) తోలుని పారదర్శకం అయ్యేదాకా గీకి, ఆకారం కత్తిరించి, ఉలితో నగలకీ అంచులకీ చిల్లులు కొట్టి, రంగులు వేసి, చేతులూ కాళ్ళూ విడిగా కీళ్ళు కట్టి చేసే బొమ్మలు. కొన్ని మనిషెత్తు ఉంటాయి. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

నాకు ఆరేడేళ్ళప్పుడు అవ్వ ఊరి బయట తోలుబొమ్మలాట చూశాను. తెల్లటి పంచెలు కలిపి కట్టిన తెర, వెనక దీపం, తెర మీద రంగుల రాముడు. అది వెలుగులో పుట్టే రంగు, అచ్చులో కనిపించేది కాదు. మధ్య మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ వచ్చి మోటు జోకులేస్తారు. పిల్లలకి అర్థం కాదు, పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. తెల్లవార్లూ ఆట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎద్దుల బళ్ళలో వచ్చి, దుప్పట్లు పరుచుకుని, బొరుగులూ శెనక్కాయలూ తింటూ చూస్తారు. కథ అందరికీ తెలిసిందే. ఏ సీన్లో ఏ బొమ్మ వస్తుందో ముందే చెప్పేసేవాళ్ళుంటారు. "పోయిన తూరి ఆడినోళ్ళ రావణుడే బాగుండె" అని పోట్లాడుకునేవాళ్ళుంటారు.

ఇది కామిక్ కాన్ కాకపోతే ఏంటి చెప్పండి?

ఒక్క విషయంలో మాత్రం మాది వేరు. వానలు రాని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని మా వైపు నమ్మకం. కరువొచ్చిందంటే ఊరు చందాలేసుకుని ఆటగాళ్ళని పిలిపించేది. చేతిలో రూపాయి ఆడని ఏడాదే బొమ్మల కోసం డబ్బు తీసేవారు. వాన పడిందా లేదా అన్నది వేరే సంగతి. బొమ్మల కథని కాలక్షేపం అనుకుంటే ఆ లెక్క ఎవడూ వేయడు కదా.

అలాగని కరువులో అందరూ బొమ్మల్ని దాచారని చెప్తే అబద్ధం అవుతుంది. వరసగా రెండేళ్ళు శెనక్కాయ పంట పోయిన కాలంలో ఒక ఎండాకాలం నేను పల్లెకి పోయేసరికి మంచం కింద ట్రంకుపెట్టె లేదు. పెట్టెతో సహా అమ్మేసింది అవ్వ. తాత చేసిన ఉద్యోగానికి పింఛను లేదు. నేను ఏడ్చి గోల చేస్తే "బొమ్మలు సూస్తే కడుపు నిండుతుందా నాయనా?" అంది. అరిచి అనలేదు, మెల్లగానే అంది. పుస్తకాలు పోయింది నాకొక్కడికే అనుకున్నాను అప్పుడు. రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని చూసుకోడానికి అవ్వకి కూడా ఇంకేమీ మిగల్లేదని బుద్ధి వచ్చాక గానీ తట్టలేదు. గుజరీ అంగడివాడు కేజీల లెక్కన కొన్నాడట. అక్కణ్ణుంచి పొట్లాలకి పోయుంటాయి. తర్వాత నాలుగైదేళ్ళు ఏ అంగట్లో శెనక్కాయల పొట్లం కట్టించుకున్నా ముందు కాగితమే చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా చందమామ పేజీ రాలేదు.

ఇప్పుడు బయటి ప్రపంచం వైపు చూద్దాం. మనం కామిక్ కాన్ అంటే పెద్ద కంపెనీల తంతు అనుకుంటాం. మొదట్లో అది ఇలాంటి ట్రంకుపెట్టెలున్న వాళ్ళ సంబరమే. 1964లో న్యూయార్కులో పాత కామిక్స్ దాచుకున్న కుర్రాళ్ళు కొందరు ఒక హాల్లో కలిశారు. 1970 ఆగస్టులో శాన్ డియేగోలో ఒక హోటల్లో మూడు రోజుల సభ పెడితే 300 మంది వచ్చారు. ఈరోజు అక్కడికి లక్షా ముప్పై వేల మంది దాకా వస్తున్నారు. 1975 డిసెంబరులో టోక్యోలో కామికెట్ మొదలైనప్పుడు 32 బృందాలు, 700 మంది జనం. అక్కడ అమ్మేది ఎక్కువగా అభిమానులు సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలే. అదీ తర్వాత లక్షల్లోకి పోయింది. మన దేశంలో 2011లో ఢిల్లీలో మొదలైంది, 2012లో బెంగుళూరుకీ, 2013లో హైదరాబాదుకీ వచ్చింది.

ఇంత దూరం పోనక్కర్లేదు, పక్కనున్న తమిళం చూడండి. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి. ఎక్కువగా యూరప్ కామిక్స్ కి తమిళ అనువాదాలే. మధ్యలో పడ్డాయి, లేచాయి, ఐదు దశాబ్దాలు దాటాయి. ఈరోడు పుస్తకాల పండక్కి పాఠకులు ఊళ్ళ నుంచి వచ్చి కలుసుకుంటారు, ఏ కథ మళ్ళీ వేయాలో ఎడిటర్ తో వాదిస్తారు. నెరిసిన తలలే ఎక్కువ. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కుళ్ళు. వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ మన దగ్గరా ఉన్నాయి, కలుసుకోవడం తప్ప.

కలుసుకోవడం ఎందుకంత ముఖ్యం అంటే, చందమామకి పట్టిన గతి చూడండి. 1998లో ఒకసారి ఆగి ఏడాదికి మళ్ళీ మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది. ఇక మనవాళ్ళ చేతిలో పడింది, బాగుపడుతుంది అనుకున్నాను. పాత సంచికలు నెట్లో పెట్టారు కూడా. తర్వాత కంపెనీ ఇబ్బందుల్లో పడింది, 2013 కల్లా పత్రిక ఆగిపోయింది, సైటూ పోయింది. మనం రోజూ మీటింగుల్లో చెప్పుకునే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఇదే. ఒక్క సర్వరు, బ్యాకప్ లేదు.

నిజానికి బ్యాకప్ ఉంది. అది పాఠకుల అటకల మీద ఉంది. ఈరోజు పాత చందమామలు నెట్లో దొరుకుతున్నాయంటే దానికి కారణం అమ్మకుండా, చెదలు పట్టనివ్వకుండా దాచి, సెలవు రోజుల్లో ఒక్కో పేజీ స్కాన్ చేసిన అభిమానులు. పుస్తకాలే కాదు, పేర్లని కూడా కాపాడింది వాళ్ళే. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం.. ఈ సీరియళ్ళ మీద రచయిత పేరు ఉండేది కాదు. ఆథర్ పేరు లేని కమిట్స్ అన్నమాట. అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మాలాంటి వాళ్ళకి తెలిసింది అభిమానులు తవ్వి చెప్పబట్టే. ఆయన 2010 జనవరిలో పోయారు. ముందే తెలిసుంటే వెళ్ళి ఒక్కసారి చూసేవాణ్ణి.

స్కాన్ చేసి పంచడంలో కాపీరైటు చిక్కు ఉంది, కాదనను. హక్కులున్నవాళ్ళు అచ్చేస్తే మొదటి కాపీ నేనే కొంటాను. కానీ ఎవరూ అచ్చెయ్యక, ఎవరూ దాచక పోతే చివరికి గొడవ పడటానికి పుస్తకమే మిగలదు. ముందు దాచడం, పంచడం సంగతి తర్వాత.

పోయినసారి వైట్‌ఫీల్డ్ కేటీపీఓలో కామిక్ కాన్ కి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. జుట్టుకి రంగులేసుకుని, అట్టముక్కల కత్తులు పట్టుకుని వేలమంది పిల్లలు. ఒకరి వేషం ఒకరు గుర్తుపట్టి, ముక్కూ మొహం తెలియకపోయినా కౌగలించుకుంటున్నారు. తోలుబొమ్మలాట రాత్రే గుర్తొచ్చింది. అమర చిత్ర కథ వాళ్ళ స్టాల్ ముందు ఆగాం. మా అమ్మాయి "నాన్నా, తెలుగు వాళ్ళ స్టాల్ ఏది?" అంది. నాకు కనిపించినంతలో లేదు. ఆ పూట డుంబు, బుజ్జాయి, జుట్టుపోలిగాడు అని ఏవేవో చెప్పాను. చూపించడానికి నా చేతిలో ఒక్క కాగితం లేదు.

ఆ తర్వాత ఒకసారి హైదరాబాదు పనిమీద పోయినప్పుడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక చందమామ దొరికింది. అట్ట లేదు. మొదటి పేజీలో ఎవరో పిల్లాడు వంకర అక్షరాలతో తన పేరూ, ఐదో తరగతి బి సెక్షనూ రాసుకున్నాడు. కింద "ఎవరూ తీయరాదు" అని ఉంది. వాడి ఇంట్లో ఏ ఏడాది అమ్మారో, ఏ అవసరానికి అమ్మారో. మా పెట్టె కొన్నవాడు కూడా ఇలా ఒక్కటైనా పక్కన పెట్టుంటాడని ఆ రోజు మొదటిసారి అనిపించింది. ఇంటికి తెచ్చి స్కాన్ చేశాను, వాడి పేరున్న పేజీతో సహా.

మీలో చాలామంది ఈ సంక్రాంతికి ఊరెళ్తారు కదా. అటక మీద ఏముందో అమ్మనడగండి. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు, అమర చిత్ర కథ, ఏదైనా సరే. ఇల్లు సున్నం వేయించే ముందే అడగండి, ఎందుకంటే పాత కాగితాలు బయటికెళ్ళేది అప్పుడే. పది మంది దగ్గర పది పెట్టెలు బయటపడితే చాలు, ఎక్కడో ఒకచోట కూర్చుని చూసుకుందాం. హాలు అక్కర్లేదు, గుంతకల్లులో మా ఇంటి మిద్దె ఉంది. బొరుగులూ శెనక్కాయలూ నా ఖర్చు.